ఓడ మీద దిగాల్సిన విమానం

(విశాఖపట్నంలో ఇంజనీరింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినబడుతోందా? చెయ్యెత్తండి. సరే, బానే ఉంది.

నిరుడు ఇదే హాల్లో నేను గేర్ల గురించి, స్ప్రింగుల గురించి గంటసేపు వాయిస్తే, చివర్లో ఒక కుర్రాడు లేచి సంబంధం లేని ప్రశ్న వేశాడు. "సార్, ఎయిర్‌ఫోర్స్‌కి తేజస్ చేశారు కదా. దానికే వెనకాల ఒక కొక్కెం తగిలించి నేవీకి ఇచ్చేస్తే పోలా?" అని. హాలంతా గొల్లుమంది. నిజానికి నవ్వాల్సిన ప్రశ్న కాదది. అచ్చంగా అదే మాట అనుకుని చేతులు కాల్చుకున్న పెద్దవాళ్లు ఉన్నారు, అమెరికా రక్షణ మంత్రితో సహా. ఆ రోజు టైము లేక రెండు ముక్కలు చెప్పి కూర్చోబెట్టేశాను. ఇవాళ ఆ బాకీ తీర్చుకుందామని వచ్చాను. ఆ అబ్బాయి వచ్చాడా? పాసై వెళ్లిపోయాడా! మంచిది, మీరు వినండి.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. నేను ఏ విమాన ప్రాజెక్టులోనూ పనిచేసినవాణ్ణి కాదు. పాతికేళ్లు మెషిన్ డిజైన్ పాఠం చెప్పినవాణ్ణి. అందుకని ఇక్కడ రహస్యాలేవీ దొరకవు. లెక్కలు దొరుకుతాయి.

ఈ కుర్చీ చూడండి. సీటు నేల నుంచి 45 సెంటీమీటర్లు ఉంటుంది. నువ్వు రా బాబూ, ఎక్కు. ఇప్పుడు దూకు. ఏమైనా దెబ్బ తగిలిందా? లేదు. కాళ్లు నేలని తాకేసరికి నీ వేగం సెకనుకు 3 మీటర్లు. రన్‌వే మీద దిగే మామూలు యుద్ధవిమానం ల్యాండింగ్ గేర్‌ని, అంటే చక్రాలున్న కాళ్లని, తయారుచేసేటప్పుడు, కిందికి పడే వేగం ఇంచుమించు ఇంతే ఉంటుందని లెక్క వేసుకుంటారు. అదీ గట్టిగా దిగితే. మంచి పైలట్ అయితే ఇందులో మూడో వంతు కూడా రానివ్వడు.

ఇప్పుడు ఆ కిటికీ పైన సన్‌షేడ్ చూడు. రెండున్నర మీటర్ల ఎత్తు ఉంటుంది. అక్కణ్ణించి దూకుతావా? అడిగానంతే, వద్దులే, మీ అమ్మ నన్ను చంపేస్తుంది. అక్కణ్ణించి దూకితే నేలని తాకే వేగం సెకనుకు 7 మీటర్లు. నౌకాదళ తేజస్ గేరు తట్టుకోవాల్సింది ఆ వేగాన్ని. మూడు ఎక్కడ, ఏడు ఎక్కడ, రెండింతలే కదా అనుకుంటారేమో. శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. ఏడు ఏళ్లు నలభైతొమ్మిది, మూడు మూళ్లు తొమ్మిది. ఐదున్నర రెట్లు. ఐదున్నర రెట్ల దెబ్బ ఆ మూడు కాళ్ల మీద, కాళ్లు బిగించిన ఫ్రేముల మీద, ఫ్రేములు కలిసే జాయింట్ల మీద పడుతుంది. అదీ ఏ పదేళ్లకో ఒకసారి కాదు, డెక్ మీద, అంటే ఓడ పైతలం మీద, దిగిన ప్రతిసారీ అందుకు సిద్ధంగా ఉండాలి.

అంత గట్టిగా ఎందుకు దిగాలి, మెల్లగా దిగొచ్చుగా అంటారా? రన్‌వే మీద పైలట్ చివర్లో ముక్కు కాస్త పైకెత్తి, విమానాన్ని గాలిలో తేలనిచ్చి, పిల్లిలా దించుతాడు. అలా తేలుతూ మూడు నాలుగు వందల మీటర్లు పోయినా నష్టం లేదు, రన్‌వే రెండు మూడు కిలోమీటర్లు ఉంటుంది. విమానాలు మోసే మన ఓడ విక్రాంత్ మొత్తం పొడవే 262 మీటర్లు. అందులో దిగడానికి మిగిలేది ఒక ముక్క. అందులోనూ అడ్డంగా కట్టిన మూడు ఉక్కు తాళ్లలో ఒకదాన్ని కొక్కెంతో పట్టుకోవాలి. తేలితే తాళ్లు దాటిపోతాడు. అందుకే ఒకే వాలులో, ఒకే వేగంతో వచ్చి డెక్‌ని గుద్దుకోవడమే పద్ధతి. పైగా అదే క్షణానికి ఓడ అలమీద పైకి లేస్తూ ఉండొచ్చు. ఆ వేగం కూడా కలుపుకోండి.

ఇంకో విచిత్రం ఉంది. చక్రాలు తగలగానే పైలట్ ఇంజన్ ఆపడు. ఫుల్ పవర్ పెడతాడు. తాడు దొరక్కపోతే డెక్ చివరి నుంచి మళ్లీ ఎగిరిపోవాలి కదా. అంటే ఒక పక్క ఇంజన్ ముందుకు తోస్తోంది, ఇంకో పక్క తాడు వెనక్కి లాగుతోంది. ఒక లెక్క వేద్దాం. తొమ్మిది టన్నుల విమానం, డెక్‌తో పోలిస్తే గంటకు 220 కిలోమీటర్ల వేగం, ఆగడానికి 90 మీటర్లు. వేసి చూడండి. మూడు సెకన్లలో ఆగుతుంది. దాని సొంత బరువుకి రెండింతలు పైగా, అంటే 19 టన్నుల లాగుడు. ఇంజన్ తోపు దీని మీద అదనం. ఇంతా ఎక్కడ పడుతుంది? తోక దగ్గర, ఒక్క కొక్కెం మొదట్లో. లాగేది తోకని, ముందుకు దూసుకుపోదామని చూసేది ముక్కు దగ్గరున్న రాడారు, కాక్‌పిట్టు, ట్యాంకుల్లో ఇంధనం. మధ్యలో ఉన్న శరీరమంతా సాగదీసినట్టవుతుంది. కాబట్టి కొక్కెం "తగిలించడం" కుదరదు. కొక్కెం నుంచి ముక్కు దాకా వెన్నెముక మొత్తం మళ్లీ గీయాలి.

కొక్కెం మాట వచ్చింది కనక ఇక్కడ కాస్త ఆగుతాను, నాకు బాగా ఇష్టమైన కథ ఇది.

అమెరికా వాళ్ల ఎఫ్-35లో నౌకాదళం రకం ఎఫ్-35సి. ప్రపంచంలో దానికి పెట్టినంత డబ్బు ఏ విమానానికీ పెట్టలేదు. న్యూజెర్సీలో లేక్‌హర్స్ట్ అనే చోట నేలమీదే తాడు కట్టి ప్రయత్నించారు. ఎనిమిదిసార్లు తాడు మీదుగా వెళ్లింది, ఎనిమిదిసార్లూ కొక్కెం తాడుని పట్టలేదు. ఎందుకో తెలుసా? రాడారుకి కనపడకూడదని కొక్కేన్ని కడుపులోకి ముడుచుకునేలా దాచారు. అలా దాచడంతో అది వెనక చక్రాలకి మరీ దగ్గరైపోయింది, రెండు మీటర్ల చిల్లర దూరం. మిగతా నౌకాదళ విమానాలకి అంతకు రెండింతలు పైనే ఉంటుంది. ఇప్పుడు ఏం జరుగుతుందో ఊహించండి. చక్రం తాడు మీదెక్కుతుంది. తాడు డెక్‌కి అతుక్కుపోతుంది. చక్రం దాటాక తాడు మళ్లీ పైకి లేవడానికి కొంచెం టైము కావాలి. సెకనుకు అరవై మీటర్ల వేగంలో రెండు మీటర్లంటే సెకనులో ముప్పయ్యో వంతు. తాడు ఇంకా పడుకునే ఉంది, కొక్కెం దాని మీదుగా జారిపోయింది.

అది చూసి వాళ్లేం చేశారు? కొక్కెం కొసని చెక్కి, డెక్‌కి అతుక్కున్న తాడు కిందికి దూరేలా పదును మార్చారు. కొక్కెం ఎగిరిపడకుండా కిందికి అదిమిపట్టే డ్యాంపర్ మార్చారు. 2014 నవంబరులో నిమిట్జ్ ఓడ మీద పట్టింది. మీలో డ్రాఫ్టింగ్ క్లాసుకి బంక్ కొట్టేవాళ్లు ఉంటే గుర్తుపెట్టుకోండి, ఈ తంటా అంతా బొమ్మలో ఒక్క కొలత వల్ల.

ఇదంతా ఈనాటి గొడవ కాదు. 1911 జనవరి 18న యూజీన్ ఎలీ అనే అమెరికన్ శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో లంగరు వేసిన పెన్సిల్వేనియా అనే యుద్ధనౌక మీద చెక్కల వేదిక కట్టించి దాని మీద దిగాడు. అడ్డంగా తాళ్లు, ఒక్కో తాడుకి రెండు చివరలా ఇసుక బస్తాలు. విమానం కింద కొక్కేలు. నూరేళ్లు దాటినా సూత్రం అదే, ఇసుక బస్తాల బదులు డెక్ కింద హైడ్రాలిక్ యంత్రం వచ్చిందంతే. రెండో ప్రపంచ యుద్ధంలో కోర్సెయిర్ అని ఒక విమానం ఉండేది. ఇంజన్ పెద్దది, ప్రొపెల్లరు నాలుగు మీటర్లు. అది నేలకి తగలకూడదంటే గేరు పొడవవ్వాలి, పొడవైతే డెక్ దెబ్బకి విరుగుతుంది. అందుకని రెక్కనే కిందికి వంచి, ఆ వంపు దగ్గర పొట్టి గేరు పెట్టారు. ఎంత తెలివి! కానీ ముక్కు పొడవైపోయి పైలట్‌కి ఓడ కనపడలేదు. బ్రిటిష్ వాళ్లు నేరుగా రావడం మానేసి, వంపు తిరుగుతూ వచ్చి చివరి క్షణంలో తిన్నగా చేసి దించే పద్ధతి పట్టారు.

ఇందాక రక్షణ మంత్రి అన్నాను కదా. 1960ల్లో మెక్‌నమారా వైమానిక దళానికీ నౌకాదళానికీ కలిపి ఒకే విమానం చాలన్నాడు. కాగితం మీద బంగారంలాంటి లెక్క. ఎఫ్-111బి అని నౌకాదళం రకం ఏడు చేశారు. బరువు దించలేక 1968లో ఆపేశారు. అదే నౌకాదళం తనకోసం విడిగా గీయించుకున్న ఎఫ్-14 రెండేళ్లకే, 1970 డిసెంబరులో ఎగిరింది.

ఇక మన కథ. అసలు తేజస్ సంగతి మీకు తెలుసు. 1984లో ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ పెట్టారు, కోట హరినారాయణ గారు దాన్ని నడిపించారు. తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా చేసింది ఆయనే. 1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టి, అక్కడ ఫ్లైట్ కంట్రోల్ పని చేస్తున్న మన ఇంజనీర్లని ఇంటికి పంపేసింది. మిగిలిన పని బెంగళూరులో పూర్తిచేసుకున్నారు. 2001 జనవరి 4న మొదటి ఎగురుడు. అక్కణ్ణించి 2003లో నౌకాదళం రకానికి అనుమతి వచ్చింది. అంటే మా కుర్రాడి ప్రశ్నకి దేశం ఇచ్చిన మొదటి జవాబు "అవును, తగిలిద్దాం" అనే.

ఎక్కడ చిక్కొచ్చిందో చూడండి. తేజస్‌కి తోక దగ్గర అడ్డరెక్క లేదు. వెనక త్రిభుజం రెక్క ఒక్కటే. డెల్టా అంటాం. వేగంగా పోవడానికి భేషుగ్గా ఉంటుంది. నెమ్మదిగా రమ్మంటే మాత్రం ముక్కు బాగా పైకెత్తుకుని రావాలి. ముక్కెత్తితే పైలట్‌కి ముందు ఆకాశం కనపడుతుంది, ఓడ కనపడదు. కోర్సెయిర్ జబ్బే, కారణం వేరు. అందుకని ముక్కుని కిందికి వంచి గీశారు. రెక్క మొదట్లో, శరీరానికి ఆనుకునే చోట, కదిలే చిన్న పలకలు పెట్టారు. లెవ్‌కాన్లు అంటారు. అవి గాలిని సుడి తిప్పి రెక్క మీదుగా పంపుతాయి, దాంతో తక్కువ వేగంలో కూడా రెక్క విమానాన్ని మోస్తుంది. గేరు మార్చారు, మొదటి విమానంలో అది అవసరానికి మించిన బరువుతో వచ్చింది. గేరు బరువైతే దాన్ని మోసే ఫ్రేము బరువవుతుంది, అది బరువైతే ఇంజన్ చాలదు, ఇంజన్ చాలకపోతే ఇంధనమో ఆయుధమో తగ్గించాలి. ఈ సుడిగుండంలోంచి బయటపడినవాళ్లు తక్కువ.

ఈ నౌకాదళ తేజస్ 2012 ఏప్రిల్ 27న మొదటిసారి ఎగిరింది. గోవాలో హంస స్థావరం దగ్గర నేలమీదే ఓడ డెక్ లాంటిది కట్టారు, ఒక పక్క పైకి లేచిన ర్యాంపు, ఒక పక్క తాళ్లు. ర్యాంపు వాలు 14 డిగ్రీలు. స్కీ జంప్ అంటారు దాన్ని, బ్రిటిష్ నౌకాదళం వాళ్ల ఆలోచన. మీరు చిన్నప్పుడు సైకిల్ మీద ఇసుక దిబ్బ ఎక్కి గాల్లోకి లేవలేదూ, అదే. దిబ్బ చివర్లో విమానానికి ఎగరడానికి చాలినంత వేగం ఉండదు. కానీ పైకి విసరబడింది కనక, మళ్లీ కిందికి వంగేలోగా కొన్ని సెకన్లు చిక్కుతాయి. ఆ సెకన్లలో ఇంజన్ మిగతా వేగం తెచ్చిపెట్టాలి. తేలేది మునిగేది అక్కడే. 2014 డిసెంబరు 20న కమొడోర్ జైదీప్ మావ్లాంకర్ ఆ ర్యాంపు మీంచి లేచారు, అదీ కంట్రోల్ స్టిక్ మీద చెయ్యి వెయ్యకుండా. విమానం తనంతట తానే ముక్కు సరిచేసుకుంది. అంత తక్కువ వ్యవధిలో మనిషి చెయ్యి కంటే కంప్యూటరుని నమ్మడమే మంచిదని అలా రాశారు.

తర్వాత రెండేళ్లకి, 2016 డిసెంబరులో నౌకాదళాధిపతి అడ్మిరల్ లాంబా చెప్పేశారు, ఇది మాకు సరిపోదు అని. పూర్తి ఇంధనం, పూర్తి ఆయుధాలు వేసుకుని ఓడ మీంచి లేవలేదు, ఒక్క ఇంజన్ బలం చాలదు అని. చాలామందికి కోపం వచ్చింది. దేశీయమైనదాన్ని కాదంటారా అని టీవీల్లో అరిచారు. నాకైతే ఆయన మాటలో తప్పు కనపడలేదు. లెక్క అలాగే ఉంది. ఆవిరితోనో కరెంటుతోనో విసిరే కాటపుల్ట్ ఉన్న ఓడైతే బయటి బలం సాయం వస్తుంది. మన ఓడల్లో అది లేదు. విమానం తన ఇంజన్ని తానే నమ్ముకోవాలి.

మన దేశంలో ఇంజన్ జబ్బు పాతది. 1961 జూన్ 17న మారుత్ ఎగిరింది. జర్మనీ నుంచి వచ్చిన కుర్ట్ టాంక్ గీసిన అందమైన విమానం. ధ్వనికి రెండింతల వేగం కోసం గీశారు. అనుకున్న ఇంజన్ రాలేదు. దొరికిన చిన్న ఓర్ఫియస్ ఇంజన్లు రెండు పెట్టి సరిపుచ్చుకున్నారు, సమతల ప్రయాణంలో ధ్వని వేగాన్ని దాటనే లేదు. తేజస్‌కి మనం చేసుకోవాలనుకున్న కావేరి ఇంజన్ కూడా 2008లో దాన్నుంచి విడిపోయింది. అమెరికా కంపెనీ జీఈ దగ్గర కొన్న ఇంజన్‌తోనే నడుస్తోంది. ఈ సంగతి గురించి మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది, వదిలేద్దాం.

గమ్మత్తేమిటంటే, వద్దన్న తర్వాతే ఆ విమానం అసలు పని చేసింది. నౌకాదళం డబ్బు ఆపలేదు. 2019 సెప్టెంబరు 13న గోవాలో తాడు పట్టుకుని ఆగింది. 2020 జనవరి 11న సముద్రంలో విక్రమాదిత్య ఓడ మీద దిగింది, మర్నాడు అక్కణ్ణించే లేచింది. 2023 ఫిబ్రవరి 6న మనం కట్టుకున్న విక్రాంత్ మీద దిగింది. మన విమానం, మన ఓడ. పాత విక్రాంత్ మీద మోసుకెళ్లినవి బ్రిటిష్ సీ హాక్‌లు. 1971 యుద్ధంలో అవి కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద దాడిచేశాయి, ఆ ఓడని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన ఊరి ముందే మునిగిపోయింది. బీచ్ రోడ్డులో స్మారకం మీరు రోజూ చూసేదే. ఐస్‌క్రీం తింటూ చూసేదే అనుకోండి.

ఇంతకీ దళంలో చేరని ఆ విమానం వల్ల ఒరిగిందేమిటి? దిగేటప్పుడు గేరు మీద నిజంగా ఎంత బరువు పడింది, ర్యాంపు చివర ముందుచక్రం ఎంత నొక్కుకుంది, తాడు లాగినప్పుడు వెన్నెముకలో ఏ ఫ్రేము ఎంత సాగింది, ఇవన్నీ సెన్సార్లు పెట్టి కొలిచిన అంకెలు. ఏ దేశమూ అమ్మనివి, అడిగినా ఇవ్వనివి. వాటిని పట్టుకునే ఇప్పుడు టెడ్‌బెఫ్ గీస్తున్నారు. డెక్ మీంచి లేచే రెండింజన్ల విమానం, మడిచే రెక్కలతో. ఈసారి నేలమీది విమానాన్ని తెచ్చి ఓడకి అతికించడం లేదు, ఓడనే ముందు పెట్టుకుని మొదలుపెట్టారు. అది వచ్చేదాకా ఆగలేం కనక 2025 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌తో 26 రఫేల్ మెరీన్‌లకి ఒప్పందం రాసుకున్నాం. వాటి రెక్కలు మడవవు, అదొక ఇబ్బంది. ఓడలో చోటంటే ఇరుకు వీధిలో కారు పార్కింగ్ లాంటిది, ప్రతి అడుగూ లెక్కే.

ఉప్పు సంగతి మర్చిపోయాను. విశాఖలో దాని గురించి లెక్చర్ ఇవ్వడం అనవసరం. మా ఇల్లు బీచ్‌కి అర కిలోమీటరు. గేటుకి ఏటా రంగు వేయిస్తాను, అయినా ఏటా కింది చువ్వలు పొరలు పొరలుగా లేస్తాయి. కొత్త స్కూటరు సైలెన్సరు రెండో వర్షాకాలానికి చిల్లు పడింది. విమానాన్ని ఆ గాలిలోనే నెలల తరబడి డెక్ మీద కట్టేసి ఉంచుతారు. తేజస్ బరువులో 45 శాతం దాకా కార్బన్ ఫైబర్ కాంపోజిట్. కార్బన్‌కి తుప్పు పట్టదు, హమ్మయ్య అనుకుంటాం. కానీ కార్బన్‌నీ అల్యూమినియంనీ ఆనించి మధ్యలో ఉప్పునీరు చేరితే అది బ్యాటరీ అయిపోతుంది, అల్యూమినియం కరిగిపోతుంది. అందుకని మధ్యలో గ్లాస్ ఫైబర్ పొర వేస్తారు, బిగించే మేకులు టైటానియంవి వాడతారు. చిన్న పొర, మొత్తం విమానం ఆయుష్షు దాని మీద.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పమ్మా.

ఆ అమ్మాయి అడుగుతోంది, వెనకాలకి వినపడలేదేమో నేను చెబుతాను: నేల విమానాన్ని ఓడకి మార్చడం కష్టమైతే, ఓడ విమానాన్ని నేలకి మార్చొచ్చా అని. మంచి ప్రశ్న, నిరుటి కుర్రాడి ప్రశ్నకి తిరగేసిన రూపం. మార్చొచ్చమ్మా, చాలా తేలిక. ఫాంటమ్ అనే యుద్ధవిమానం అమెరికా నౌకాదళం కోసం పుట్టింది, వైమానిక దళం చూసి తనూ తీసుకుంది. హార్నెట్ చూడు, దాని పుట్టుకలో మెలిక ఉంది. వైమానిక దళం పెట్టిన పోటీలో ఎఫ్-16 చేతిలో ఓడిన వైఎఫ్-17 అనే నమూనా విమానాన్ని నౌకాదళం తీసుకుని హార్నెట్ చేసింది. అంటే నా మాటకి ఎదురు ఉదాహరణే, ఒప్పుకుంటాను. కానీ గేరు, రెక్క, శరీరం, అన్నీ మళ్లీ గీశారు, మిగిలింది దాని పోలిక. అంత ఖర్చూ పెట్టారు కనక నిలబడింది. ఆ హార్నెట్‌ని తర్వాత ఫిన్లాండ్ కొంది, స్విట్జర్లాండ్ కొంది. స్విట్జర్లాండ్‌కి సముద్రమే లేదు. కొండలు తొలిచిన గుహల్లో ఫైటర్లు దాచుకునే దేశం. ఆ విమానాల గేరు మాత్రం ఇప్పటికీ ఓడ దెబ్బ కోసం కట్టిందే. వాళ్లెప్పుడూ కుర్చీ మీంచే దూకుతారు, కాళ్లు మాత్రం సన్‌షేడ్ కోసం కట్టినవి.